వాలు మీద జియోసెల్ ప్యానెళ్లను దేనితో కలపాలి: స్టేపుల్ పిన్నులా, జిప్ టైలా, లాకింగ్ కీలా?

జియోసెల్ పరిచిన వాలు ఎక్కడైనా జారిందంటే మొదట నింద పడేది అతుకు మీదే. టై తెగి వేలాడుతూ ఉంటుంది, లేదా పిన్ను తుప్పుపట్టి ఊడి ఉంటుంది. అందరి కళ్లూ అక్కడికే పోతాయి. కానీ చాలాసార్లు జరిగేది ఏమిటంటే, ఆ అతుకు మీద పడకూడని బరువు పడింది, అందుకే తెగింది. కాబట్టి ఏది కొనాలో ఆలోచించే ముందు, అసలు ఈ అతుకు ఎంత మోయాలో తేల్చుకోవాలి. దానికి ‘చాలా మోయాలి’ అని జవాబు వస్తే అతుకు మార్చడం కాదు, ప్యానెల్‌ని నేలకి పట్టి ఉంచడానికి దిగ్గొట్టే ఊచల లెక్క మార్చాలి.

జియోసెల్ అంటే ఏమిటంటే: హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ పట్టీలను ఫ్యాక్టరీలో అల్ట్రాసోనిక్ వెల్డింగ్‌తో అక్కడక్కడ అతికించి, మడిచి పంపిస్తారు. అలా వచ్చే ఒక్కో ముక్కే ప్యానెల్. సైటులో లాగితే తేనెపట్టులా తెరుచుకుంటుంది, ఆ గదులే సెల్‌లు. వాటిలో మట్టో కంకరో కాంక్రీటో నింపుతాం. 1970ల చివర్లో అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం ఇసుక నేలల మీద బండ్లు కూరుకుపోకుండా రోడ్లు వేయడానికి ఈ ఆలోచన మొదలుపెట్టింది. తర్వాత అదే వస్తువు వాలుల మీదికీ కాలువ గట్ల మీదికీ వచ్చింది. ఫ్యాక్టరీ వెల్డింగ్‌కి పరీక్ష ఉంటుంది. 100 మి.మీ. లోతు సెల్ అయితే ఒక్కో వెల్డింగ్ కనీసం 1420 న్యూటన్లు, 150 మి.మీ. అయితే 2130, 200 మి.మీ. అయితే 2840 న్యూటన్లు ఆగాలని చాలా స్పెసిఫికేషన్లు అడుగుతాయి. ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ మధ్య అతుకు మాత్రం మన చేతులతో, ఎండలో, వాలు మీద నిలబడి వేసేది. మొత్తం పనిలో పరీక్ష లేకుండా దాటిపోయేది అదొక్కటే.

రెండు రకాల అతుకులు, రెండు రకాల బరువులు

ప్యానెల్‌ని గట్టు పైఅంచు నుంచి కిందికి లాగి తెరుస్తాం. పక్కపక్కన వేసిన ప్యానెళ్ల మధ్య అతుకు పైనుంచి కిందికి నిలువుగా నడుస్తుంది. దీని మీద లాగుడు తక్కువ. మట్టి నింపేటప్పుడు సెల్‌లు పక్కకి ఉబ్బకుండా, రెండు ప్యానెళ్ల మధ్య సందు పడి అందులోంచి మట్టి కొట్టుకుపోకుండా చూస్తే చాలు.

వాలు పొడవు ఎక్కువై ఒక ప్యానెల్ చాలకపోతే దాని కింద ఇంకోటి తగిలిస్తాం. అప్పుడు వచ్చేది అడ్డ అతుకు. అసలు ప్రమాదం దీనితోనే, ఎందుకంటే కింది ప్యానెల్ బరువు పై ప్యానెల్‌ని పట్టుకుని వేలాడాలని చూస్తుంది.

ఎంత బరువో ఒకసారి లెక్కేద్దాం. 150 మి.మీ. లోతు సెల్, అందులో ఘనపు మీటరుకి 18 కిలోన్యూటన్ల మట్టి. చదరపు మీటరుకి 2.7 కిలోన్యూటన్లు. ఎత్తు ఒకటికి అడ్డం ఒకటిన్నర వాలు, అంటే దాదాపు 34 డిగ్రీలు. కిందికి లాగేది సుమారు 1.5 కిలోన్యూటన్లు. కింద పరిచిన జియోటెక్స్‌టైల్ గుడ్డకీ సెల్‌కీ మధ్య రాపిడి కోణం 25 డిగ్రీలు అనుకుంటే 1.05 దాకా రాపిడే ఆపుతుంది. మిగిలింది 0.45. చిన్న సంఖ్యే. కానీ అడ్డ అతుకు కింద 10 మీటర్ల వాలు ఉండి, మధ్యలో ఒక్క ఊచ కూడా లేకపోతే, మీటరు వెడల్పుకి 4.5 కిలోన్యూటన్లు ఆ అతుకు మీదికి వస్తాయి. చిన్న సైజు సెల్‌లలో మీటరుకి నాలుగు కలిసే చోట్లు కూడా ఉండవు. అంటే ఒక్కో చోట సుమారు 1170 న్యూటన్లు. వర్షానికి మట్టి తడిసి బరువెక్కి, రాపిడి తగ్గితే ఇంకా ఎక్కువ.

అదే వాలులో చదరపు మీటరుకి ఒక ఊచ దిగ్గొట్టి ఉంటే ఒక్కో ఊచకి వచ్చేది 450 న్యూటన్లే. అతుకు దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. ఊచలు దిగ్గొట్టడానికి వీల్లేని చోట, అంటే కింద నీరు దిగనివ్వని జియోమెంబ్రేన్ షీట్ ఉన్నా రాయి ఉన్నా, సెల్ గోడల బెజ్జాల గుండా టెండన్ తాడు పోనిచ్చి, పైన కందకంలో పూడ్చిన పైపుకో దిమ్మకో కట్టాలి. బరువు తాడు మోస్తుంది. ఈ రెండింటిలో ఏదీ లేకుండా ‘మంచి టైలు వేశాం కదా’ అనుకునే డిజైన్‌ని నేనైతే నమ్మను.

స్టేపుల్ పిన్నులు

పాత పద్ధతి, ఇప్పటికీ ఎక్కువ వాడేది. దీనికి మామూలు పిన్ గన్ పనికిరాదు. రెండు గోడలనీ అటూఇటూ పట్టుకుని, పిన్ను కాళ్లను అవతలి వైపు వంచి మూసే పటకారు రకం గాలి గన్ కావాలి. గరుకు గోడ ఒక్కోటి సుమారు 1.5 మి.మీ. మందం. రెండు కలిస్తే 3 మి.మీ. పిన్ను కాలు అందులోంచి దాటి పూర్తిగా మడత పడాలి. సగం వంగిన కాలు కొంత బరువు పడగానే నిఠారై జారి వచ్చేస్తుంది. గోడ వెనక వేలుపెట్టి తడిమితే మడత పడిందో లేదో తెలిసిపోతుంది.

పని వేగం బాగుంటుంది, పిన్నులు చవక. కానీ కంప్రెసర్, దానికి కరెంటో జనరేటరో, వాలు మీద ఈడ్చుకుపోవడానికి గొట్టం, ఇవన్నీ ఉండాలి. చిన్న పనికి ఈ ఆర్భాటం గిట్టుబాటు కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. 150, 200 మి.మీ. సెల్ పరిచేశాక గన్ నోరు పైనుంచి అడుగు దాకా అందదు. ప్యానెల్ అంచు ఎత్తి పట్టుకుని కొట్టాలి. దానికి ఇంకో మనిషి కావాలి. సాయంత్రానికి అందరూ అలిసిపోయి పైన రెండు పిన్నులు కొట్టి ముందుకు సాగిపోతారు. పైనుంచి చూస్తే అతుకు పక్కాగా కనిపిస్తుంది, అడుగున నోరు తెరుచుకుని ఉంటుంది. మట్టి పడ్డాక చూడటానికి కూడా ఉండదు. గోడ లోతంతా సమానంగా, దాదాపు 25 మి.మీ.కి ఒకటి చొప్పున కొట్టకపోతే ఉన్న ఆ రెండు పిన్నుల మీదే బరువంతా పడి, గోడని ఒలుచుకుంటూ పోతుంది.

ఇక తుప్పు. గాల్వనైజ్డ్ పిన్ను మీద జింకు పూత పల్చనిది. నీరు బాగా ఇంకే మామూలు మట్టిలో చాలాకాలం ఉండవచ్చు గానీ ఉప్పు నేల, సముద్రపు గాలి, ఆమ్లపు మట్టి ఉన్నచోట దాన్ని నమ్ముకోలేం. అక్కడ స్టెయిన్‌లెస్ పిన్నులే వాడాలి, లేదా ఈ పద్ధతే వదిలేయాలి.

జిప్ టైలు

చిన్న పనులకి చాలామంది వీటి వైపే మొగ్గుతారు. అందులో తప్పేం లేదు. ఎవరైనా వేయగలరు, మిషను అక్కర్లేదు, తప్పుగా వేస్తే కోసి మళ్లీ వేయొచ్చు. చిక్కల్లా ఏ టై కొంటున్నారన్న దగ్గరే వస్తుంది.

ఎలక్ట్రికల్ షాపుల్లో మామూలుగా దొరికే 4.8 మి.మీ. వెడల్పు టై రేటింగ్ 22 కిలోల చిల్లర, అంటే సుమారు 220 న్యూటన్లు. 7.6 మి.మీ. టై 54 కిలోలు, సుమారు 530 న్యూటన్లు. ఒక్కో చోట మూడేసి వేశారనుకోండి. సన్నవి మూడూ కలిసి 660 న్యూటన్లు, వెడల్పువి మూడూ కలిసి 1600. పైన లెక్కలో ఊచలు లేని వాలు అడిగింది 1170. సన్న టైలు అక్కడే తెగిపోతాయి. వెడల్పువి కాగితం మీద గట్టెక్కుతాయి గానీ అది కొత్త టైని కొద్దిసేపు లాగి చూసిన బలం, ఏళ్లతరబడి లాగుడులో ఉన్న టై బలం కాదు. టై ఆగినా బెజ్జం సాగవచ్చు. హెచ్‌డీపీఈ నిలకడ బరువు కింద మెల్లగా సాగే పదార్థం, గుండ్రటి బెజ్జం కొన్ని నెలలకి కోలగా మారుతుంది.

ఎక్కువ టైలు నైలాన్ 66తో చేసినవి. ఈ నైలాన్‌కి తేమ కావాలి. తేమ ఉన్నంతసేపు వంగుతుంది, బాగా ఎండిపోతే పెళుసవుతుంది. తెల్ల టైలకి ఎండ తట్టుకునే శక్తి లేదు, బయట పెడితే తొందరగానే విరుగుతాయి. నల్లవి కొనాలి. నల్లగా ఉన్నంత మాత్రాన సరిపోదు, యూవీ రక్షణ ఉందని ప్యాకెట్ మీద రాసి ఉండాలి. పైన 25 నుంచి 50 మి.మీ. మట్టి కప్పేస్తే ఎండ బాధ దాదాపు తీరినట్టే. కానీ మొదటి వర్షాలకి పైమట్టి కొట్టుకుపోయి టై తలలు బయటపడటం మామూలు. గడ్డి పట్టేదాకా ఒక కన్నేసి ఉంచాలి.

టై దూర్చాలంటే రెండు ప్యానెళ్ల బెజ్జాలూ ఎదురెదురుగా రావాలి. కొందరు తయారీదారులు అంచు దగ్గర బెజ్జాలు వదలరు. బెజ్జాలే లేని సాదా గోడ సెల్‌లూ ఉన్నాయి. అప్పుడు డ్రిల్ బిట్‌తో గుండ్రంగా వేసుకోవాలి, అంచు నుంచి కనీసం 20 మి.మీ. లోపలికి. కత్తితో చీల్చొద్దు. కత్తి గాటు కొస నుంచే చీలిక మొదలై గోడ పొడవునా పాకుతుంది. అలాగే టైని వదులుగా వేయడం ఇంకో అలవాటు. వేలు దూరేంత సందు ఉంటే మట్టి బరువు పడగానే ఆ సందంతా తెరుచుకుంటుంది. బిగించి, తోక దగ్గరగా కత్తిరించాలి. పదునైన తోక మిగిలితే మొక్కలు నాటేవాళ్ల చేతులు గీరుకుంటాయి.

లెక్క కూడా చూసుకోండి. చిన్న సెల్‌లలో నిలువు అతుకు మీద సుమారు 225 మి.మీ.కి ఒక కలిసే చోటు వస్తుంది. 10 మీటర్లకి 45 చోట్లు, చోటుకి మూడు చొప్పున 135 టైలు. ఒక ప్యాకెట్‌తో సరిపోతుందనుకుని వచ్చినవాళ్లు మధ్యాహ్నానికల్లా చోటుకి రెండు వేయడం మొదలుపెడతారు, తర్వాత ఒకటి.

లాకింగ్ కీలు

గోడల్లో ముందే కోసిన సన్నటి గాడిలోంచి రెండు ప్యానెళ్లనీ కలిపి కీ దూర్చి, 90 డిగ్రీలు తిప్పితే అడ్డంగా పడి లాక్ అవుతుంది. మిషను లేదు, కరెంటు లేదు. పాలిమర్‌తో చేసింది కాబట్టి తుప్పు లేదు. కీ తల వెడల్పుగా ఉండి గోడని పెద్ద జాగాలో పట్టుకుంటుంది కాబట్టి పిన్నులా ఒకే చుక్క దగ్గర కోసుకుపోదు. పెద్ద వాలు మీద, మొక్కలు పెంచే చోట, చాలా ఏళ్లు ఉండాల్సిన పనికి నా ఓటు వీటికే. ఇంకో కారణం కూడా ఉంది: తనిఖీ సులువు. కీ తిరిగి ఉందా లేదా అన్నది పైనుంచే కనిపిస్తుంది. నలభై చోట్లు చూడటానికి రెండు నిమిషాలు చాలు. పిన్నుల దగ్గర ఆ సౌకర్యం లేదు.

లోపాలూ లేకపోలేదు. గాడి ఉన్న ప్యానెళ్లకే ఇవి పనికొస్తాయి, అదీ ఆ తయారీదారు కీలే ఆ గాడికి సరిపోతాయి. కీలు తక్కువ పడితే పక్క షాపులో దొరకవు, పని ఆగిపోతుంది. ఆర్డర్‌లోనే పది శాతం ఎక్కువ రాయించుకోవడం మేలు. వంపుల దగ్గర ప్యానెల్ కోయాల్సి వస్తే గాడి కోతలో పోతుంది. అక్కడికి వెడల్పు టైలో స్టెయిన్‌లెస్ బోల్టులో దగ్గర ఉంచుకోవాలి. గాడి లేని ప్యానెల్‌కి సైటులో కత్తితో గాడి కోసి కీ పెట్టడం మాత్రం చేయొద్దు. లోతైన సెల్‌కి ఒక కీ చాలా, రెండు కావాలా అన్నది తయారీదారు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

మిగిలినవి క్లుప్తంగా. స్టెయిన్‌లెస్ బోల్టు, రెండు వైపులా వెడల్పు వాషర్లు: బలమైనదే, నెమ్మదైనదే, మరమ్మతులకి భేషైనది. రాళ్లు నింపే గేబియన్ తీగ బుట్టలకి వాడే ఉక్కు రింగులు: పనిచేస్తాయి గానీ తుప్పు సంగతి పిన్నుల లాంటిదే. జిగురు: హెచ్‌డీపీఈ మీద మామూలు జిగురు ఏదీ నిలవదు, మర్చిపోండి. సైటులో వేడి గాలి వెల్డింగ్: దుమ్ము, తేమ, గాలి మధ్య నమ్మకంగా కుదరదు.

ఏ పనికి ఏది

సెల్‌లో కాంక్రీటు పోస్తుంటే అతుకు గురించి అంత టెన్షన్ వద్దు. కాంక్రీటు గట్టిపడేదాకా ఆకారం చెదరకపోతే చాలు, తర్వాత బెజ్జాల గుండా పారిన కాంక్రీటే సెల్‌లని కలిపి పట్టుకుంటుంది. పిన్నులైనా టైలైనా, ఏది చవకో అది వాడండి. కీల మీద డబ్బు పెట్టడం అక్కడ దండగ.

మట్టి నింపి గడ్డి పెంచే వాలు అయితే గాడి ప్యానెళ్లూ కీలూ తీసుకోండి. అవి దొరకకపోతే నిలువు అతుకులకి 7.6 మి.మీ. నల్ల టైలు చాలు. అడ్డ అతుకుల్ని వీలైనంతవరకు తప్పించుకోండి, పొడవు ప్యానెళ్లు ఆర్డర్ ఇవ్వండి. తప్పకపోతే అతుకుకి పై వరుసలోనూ కింది వరుసలోనూ ఊచలు దగ్గర దగ్గరగా వేయండి. కంకర నింపే చోట అంచులు పదునుగా ఉంటాయి, పోసేటప్పుడు రాళ్లు టైల మీద పడి కోసేస్తాయి. అక్కడ టై కంటే కీ గానీ పిన్ను గానీ నయం.

పెద్ద ప్రాజెక్టు, అలవాటున్న మనుషులు, ఉప్పు లేని నేల, 75 లేదా 100 మి.మీ. సెల్: ఇలాంటి చోట పిన్నుల్ని మించింది లేదు. కింద జియోమెంబ్రేన్ ఉంటే మాత్రం పిన్నులు వద్దు. కింద పడిన ఒక్క పిన్ను చాలు షీటుకి చిల్లు పెట్టడానికి.

ఏది ఎంచుకున్నా పాడుచేసేవి

కలిపే ముందు రెండు ప్యానెళ్లూ ఒకే కొలతకి తెరుచుకుని ఉండాలి. ఒకటి ఎక్కువ సాగి, ఇంకోటి తక్కువ సాగితే ఐదారు సెల్‌ల తర్వాత బెజ్జాలు తప్పిపోతాయి. అప్పుడు బలవంతంగా లాగి కడతారు, ఆ అతుకు మొదటి రోజు నుంచే లాగుడులో ఉంటుంది. మూలల్లో ఊచలు పాతి, టేపుతో కొలిచి, తర్వాతే కలపండి. పై అంచులు ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైకి లేచి ఉంటే అక్కడే నీరు మళ్లి మట్టిని తవ్వుతుంది.

ఎండ సంగతి చాలామంది పట్టించుకోరు. హెచ్‌డీపీఈ మీటరుకి, ఒక డిగ్రీకి 0.15 నుంచి 0.2 మి.మీ. సాగుతుంది. నల్ల ప్లాస్టిక్ మధ్యాహ్నం 60 డిగ్రీలకి చేరి, తెల్లవారేసరికి 25కి దిగిందనుకుంటే 10 మీటర్ల పొడవు మీద 50 నుంచి 70 మి.మీ. కుంచించుకోవాలని చూస్తుంది. సెల్‌లు వంగి కొంత సర్దుకుంటాయి, మిగిలింది అతుకుల మీద పడుతుంది. అందుకే తెరిచి కలిపిన ప్యానెల్‌ని ఖాళీగా రాత్రంతా వదలకుండా, కలిపినంత మేర ఆ రోజే నింపడం మంచిది. నింపడం పైఅంచు నుంచి కిందికి. మీటరు కంటే ఎత్తు నుంచి మట్టి పోయొద్దు, ఆ దెబ్బకే సెల్ గోడలు వంగి అతుకులు విప్పుకుంటాయి.

సప్లయర్‌ని అడగాల్సింది ఒకటే. ఫ్యాక్టరీ వెల్డింగ్‌ని పరీక్షించే ఐఎస్ఓ 13426-1 పద్ధతిలోనే మీ కీ లేదా పిన్ను అతుకుని కూడా లాగి చూశారా, చూస్తే ఎన్ని న్యూటన్లు? అంకె చేతికొస్తే పోల్చడం తేలిక. ‘చాలా స్ట్రాంగ్ సార్’ అన్నది అంకె కాదు. అంకె రాకపోతే సొంతంగా చూసుకోవచ్చు. రెండు కోత ముక్కల్ని అనుకున్న పద్ధతిలోనే కలిపి, పై ముక్కని దూలానికి కట్టి, కింది ముక్కకి 100 కిలోల ఇసుక బస్తాలు వేలాడదీయండి. సుమారు 980 న్యూటన్లు. కింద ఎవరూ నిలబడొద్దు. మర్నాడు ఊడిందో లేదో చూడటం కంటే బెజ్జం ఎంత సాగిందో, గోడ ఎంత ఒలిచిందో చూడటం ఎక్కువ ఉపయోగం. ఇది సర్టిఫికెట్ కాదు, మూడు పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి చూసుకునే మార్గం.

ఇప్పటికే వేసిన వాలులో అతుకు తెరుచుకుంటే, బరువు మీద ఉన్న ప్యానెళ్లని దగ్గరికి లాగాలని ప్రయత్నించకండి. అటూఇటూ ఉన్న రెండేసి సెల్‌లలో మట్టి తీసి, కోత ముక్క నుంచి తీసిన పట్టీని సందు మీదుగా వేసి, బోల్టులూ వాషర్లతో రెండు వైపులా బిగించండి. దానికి పైన మరో రెండు ఊచలు దిగ్గొట్టి, మళ్లీ మట్టి నింపండి. కొత్త అతుకుకి అటూఇటూ పెయింటుతో గుర్తులు పెట్టి నెల తర్వాత దూరం కొలవండి. అది పెరుగుతోందంటే కదులుతున్నది ప్యానెల్ ఒక్కటే కాకపోవచ్చు, కింద నేలే కావచ్చు. అప్పుడు పిలవాల్సింది జియోటెక్నికల్ ఇంజనీర్‌ని, చూడాల్సింది గట్టు పైన నీళ్లు ఎటు పోతున్నాయో.